మరక ముట్టుకుంటే

సముద్రంలో చేపల వేట నిషేధం పడడానికి ముందు ఆదివారం, పొద్దున్న పదిన్నర. చర్చి మైకులో పాట ఆగి ప్రార్థన మొదలైంది. అందుకని గంట నాకు గట్టిగా తెలుసు. వీధరుగు మీద చాప పరిచి మా బావగారినీ, మా వియ్యంకుణ్ణీ కూర్చోబెట్టాను. మజ్జిగ గ్లాసులు అందిస్తున్నాను. అప్పుడు గదిలోంచి మా కోడలి కేక వినబడింది.

“చచ్చిపోయా!”

మా వియ్యంకుడి చేతిలో గ్లాసు జారి అరుగు మీద దొర్లింది. కన్నతండ్రి కదా. మా బావగారు పంచె ఎగ్గట్టి లేచారు. పక్కింటావిడ చేపలు కోస్తున్న కత్తిపీట అలాగే వదిలేసి పొలుసు చేతుల్తో పరిగెత్తుకొచ్చింది. గది తలుపు లోపల గడియ పెట్టి ఉంది. “ఆటండీ బావగారూ, అది ఆట” అని నేను అంటూనే ఉన్నాను. ఎవరు వింటారు? ఆయన కాలెత్తి ఒక్క తన్ను తన్నారు. గడియ ఊడి లోపల పడింది.

లోపల మా కోడలు టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. రెండు చేతుల్లో ఆట తాలూకు రిమోటు. టీవీ నిండా చీకటి, మధ్యలో ఎర్ర అక్షరాలు.

పక్కింటావిడ వెళ్ళి దాని దవడ పట్టుకుంది. “నోరు తెరువు. తెరవ్వే! ఏం తాగావ్? వాసన చూడనీ.”

“పెసరట్టు తిన్నానక్కా. ఉల్లిపాయ కంపు కొడితే నన్ననకు. ముందు నీ చేతులు తియ్యి, చేపల కంపు భరించలేకపోతున్నాను.”

“మరి చచ్చిపోయానన్నావు?”

“చచ్చిపోయాను. మళ్ళీ లేస్తాను, ఉండు.”

మా బావగారికి కోపం నషాళానికి అంటింది. “చూశారా బావగారూ, మీ అమ్మాయి వరస!” అన్నారు మా వియ్యంకుడితో. “మేమిక్కడ ఇంటి మైల ఎలా తీర్చాలా అని కూర్చుంటే, ఈవిడ లోపల బొమ్మలాట ఆడుకుంటోంది.”

చదివేవాళ్ళకి సంగతి తెలియాలి కాబట్టి ఇక్కడ ఆగి చెబుతాను.

కిందటి కార్తీకంలో మొగ దగ్గర మా బోటు తిరగబడింది. మొగ అంటే మా గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటు. అడుగున ఇసుక మేట వేసి ఉంటుంది, పైకి కనపడదు, కెరటం మాత్రం అక్కడికొచ్చి విరుగుతుంది. బోటులో ఉన్నది మా ఆయన, నా కొడుకు, ఇద్దరే. మా ఆయన వచ్చాడు. నా కొడుకు రాలేదు. చుట్టుపక్కల ఊళ్ళ బోట్లన్నీ తిరిగాయి, వలలు లాగారు. మనిషి దొరకలేదు.

మా వాళ్ళలో శవం దొరకని మనిషిని చచ్చిపోయాడు అనం. రాలేదు అంటాం. “మీ ఆయనేడమ్మా?” అంటే “రాలేదండి.” అంతే. పదేళ్ళయినా అదే మాట. ఆ మాట నడుస్తున్నంత కాలం భార్య బొట్టు చెరపరు, గాజులు తియ్యరు. ఎప్పుడో ఒకరోజు పెద్దల్ని కూర్చోబెట్టి, వాళ్ళ ముందు ఆవిడే నోరు తెరిచి “చచ్చిపోయాడు” అనాలి. అన్నాకనే దర్భలతో మనిషి బొమ్మ చేసి, దాన్ని కాల్చి, పెద్దకర్మ చేస్తారు. ముందుగా ఆ మాట భార్య నోటే రావాలి. తల్లి అన్నా చెల్లదు, తండ్రి అన్నా చెల్లదు.

మా కోడలు అనలేదు. మా బావగారి అబ్బాయికి పెళ్ళి కుదిరింది. ఈ మైల తీరకుండా వాళ్ళ ఇంట పందిరి వెయ్యకూడదు. అందుకని ఆయన రెండుసార్లు వచ్చారు, రెండుసార్లూ ఊరికే వెళ్ళారు. “నేను చూశానా పెదమావయ్యా? చూడకుండా ఎలా అంటాను?” అనేది. చూసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అది మా ఆయన. ఆయన ఒడ్డుకి వచ్చిన రోజు “రాలేదే” అని నాతో ఒక్క మాట అన్నాడు. ఆ తరవాత దాని గురించి నోరు మెదపలేదు. సముద్రం మీదకి వెళ్ళడం మానేశాడు. అరుగు చివర కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు కుడతాడు. ముందు పెడితే తింటాడు. మా బావగారు గడియ తన్ని ఊడగొట్టిన రోజున కూడా తల ఎత్తి చూసి మళ్ళీ వల పనిలో పడ్డాడు.

ఇప్పుడు ఆట సంగతి.

ఆ ఆట డబ్బా నా కొడుకు రాజమండ్రిలో ఎవరో వాడుకుని అమ్మేస్తుంటే కొన్నాడు. వేట లేని రెండు నెలలూ వాడు దాని ముందే పడి ఉండేవాడు. నేను తిట్టేదాన్ని. వాడు రాకపోయాక దాని మీద తువ్వాలు కప్పి ఉంచాం. మా కోడలు రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పనికి వెళ్తుంది, ఆదివారం సెలవు. సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం తువ్వాలు తీసి తుడిచి, వైర్లు పెట్టి, ముందు కూర్చుంది. ఏనాడూ ముట్టుకోనిది.

నేను గుమ్మంలో కూర్చుని చూసేదాన్ని. దాంట్లో ఒక మనిషి ఉంటాడు, ఇనప తొడుగులు వేసుకుని. వాడి ముందు పెద్ద నేల. కొండలు, పాడుబడ్డ కోటలు, మా లంకల్లాగ నీళ్ళ మధ్య మిట్టలు, కప్పు ఎగిరిపోయిన గుళ్ళు. ఎటు వెళ్ళాలో ఎవరూ చెప్పరు. వెళ్తే వెళ్ళు, చస్తే చావు. మొదటి వంతెన మీదే తాటిచెట్టంత వాడొకడు గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడు. మా కోడలి మనిషిని చూడగానే ఒక్క వేటు. ఎర్ర అక్షరాలు. మా కోడలు “చచ్చిపోయా” అనేది. మళ్ళీ వెనక ఎక్కడో ఒక నిప్పు దగ్గర లేచేది. మళ్ళీ నడిచి వంతెన దగ్గరికి. మళ్ళీ ఒక్క వేటు.

ఆ ఎర్ర అక్షరాలు ఇంగ్లీషువి, నాకు రావు. అయినా ఆకారం పట్టేశాను. చదువు రాకముందు బస్సు బోర్డులు కూడా అలాగే పట్టేదాన్ని, చివర మెలిక తిరిగి ఉంటే పాలకొల్లు అని. చేపల బుట్ట ఎత్తుకుని ఆ మెలిక నమ్ముకుని ఎన్నేళ్ళు ఎక్కానో. ఈ పిల్ల కాపరానికి వచ్చాక, అత్తకి బోర్డు చదవడం రాదని తెలిసి, పలక కొనుక్కొచ్చింది. నాకప్పటికి జుట్టు సగం తెల్లబడింది. “క” రాస్తే “త” లా వచ్చేది.

“మళ్ళీ రాయత్తా.”

“పోవే, నాకు రాదు.”

“రాదు కాబట్టే రాయమంటున్నాను. వస్తే నాకేం పని?”

ఒకసారి నవ్వుతూ నవ్వుతూ స్కేలుతో నా వేళ్ళ మీద ఒక్కటిచ్చింది. అత్తని కొట్టిన కోడలు అని నా కొడుకు వీధంతా చెప్పాడు. ఈ రాస్తున్నది ఆ పిల్ల నేర్పిన అక్షరాలతోనే.

అందుకని ఆ వంతెన దగ్గర అది చస్తుంటే నాకు విసుగు రాలేదు. చూస్తూ ఉంటే నాకూ తెలిసొచ్చింది. ఆ గొడ్డలివాడు ఊరికే కొట్టడు. కొట్టే ముందు భుజం వెనక్కి తీస్తాడు. ఆ తీసినప్పుడు పక్కకి తప్పుకుంటే వేటు నేల మీద పడుతుంది. ఇది తెలియడానికి దానికి మూడు ఆదివారాలు పట్టింది. దాటిన రోజు ఏ కేకా వెయ్యలేదు. రిమోటు కింద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఏంటే దాంట్లో అంత ఉంది?” అని అడిగాను.

“మోసం లేదత్తా. చంపుతుంది, కానీ ఎందుకు చంపిందో చూపిస్తుంది. తప్పు నాది అయితే నాది అని తెలుస్తుంది.”

జనం ఆట అంటే సరదా అనుకుంటారు. ఆ ఆటలో సరదా నేను చూడలేదు. గెలిచిన వాళ్ళకి చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా ఉండరు. వంతెన దాటితే ఇంకో నేల, ఇంకో చావు. అయినా ఆ పిల్ల వారం అంతా షెడ్డులో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచి, ఆదివారం దీనికోసం ఎదురుచూసేది. ఎందుకో నాకు మరకలు చూపించాక అర్థమైంది.

ఆ నేల మీద అక్కడక్కడ ఎర్ర మరకలు ఉంటాయి, రక్తం ఒలికినట్టు. ఎక్కడెక్కడి ఊళ్ళలోనో, వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో కూర్చుని ఇదే ఆట ఆడేవాళ్ళు ఆ చోట చచ్చిపోయారట. మన మనిషి వెళ్ళి ఆ మరక ముట్టుకుంటే, ఆ చచ్చిపోయిన మనిషి నీడ ఒకటి ఎర్రగా లేస్తుంది. పరిగెడుతుంది, కత్తి ఊపుతుంది, పడిపోతుంది. ఎవడు కొట్టాడో కనపడదు. ఎటు తిరిగాడు, ఎలా పడ్డాడు, అది మాత్రం కనపడుతుంది. తరవాత నీడ పోతుంది. మరక ఉంటుంది.

“ఇది చూస్తే ముందు ఏముందో తెలుస్తుందత్తా, మనం జాగ్రత్త పడొచ్చు” అని చెప్పింది. కానీ నేను చూస్తూనే ఉన్నాను కదా. అది జాగ్రత్త కోసం చూడటం లేదు. ముందుకు వెళ్ళే పని లేని చోట కూడా మరక కనిపిస్తే ఆగేది. ఒక కొండ కొమ్ము మీద ఒక మరక ఉంది. ముట్టుకుంటే ఎవరో పరిగెత్తుకొచ్చి కిందకి పడిపోయాడు. అంతే. దాన్ని మళ్ళీ ముట్టుకుంది. మళ్ళీ పడిపోయాడు. మళ్ళీ ముట్టుకుంది. నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

ఆ ఆదివారం దగ్గరికి వస్తాను.

గడియ ఊడాక కోడల్ని తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు. మా బావగారు గొంతు తగ్గించి మొదలుపెట్టారు. చెడ్డ మనిషి కాదు ఆయన.

“అమ్మాయ్, నువ్వు ఆ మాట అనకపోతే వాడికి నీళ్ళు వదిలేవాళ్ళు లేరు. అక్కడే తిరుగుతుంటాడు. నీకది బాగుందా?”

“నేను చూళ్ళేదు పెదమావయ్యా.”

“ఎవరు చూశారమ్మా? నేను చూశానా? మొగలో పడ్డవాడు ఇన్ని నెలలు ఎక్కడుంటాడు? మీ నాన్న వచ్చి కూర్చున్నాడు. కర్మ అయిపోతే నిన్ను తీసుకెళ్తాడు. చిన్నదానివి. నీ బతుకు నువ్వు చూసుకోవాలి.”

మా వియ్యంకుడు తల దించుకుని, “అనెయ్యమ్మా, ఒక్క మాట” అన్నాడు.

“ఆటలో రోజంతా అంటున్నావ్ కదా చచ్చిపోయా చచ్చిపోయా అని,” అంది పక్కింటావిడ. “నోరు తిరక్కపోలేదుగా నీకు.”

నేను ఆవిడ మీదకి లేవబోయాను. మా కోడలు నా చీర కొంగు పట్టుకుని ఆపింది.

“అక్కన్నది నిజమే. ఆటలో అంటాను. ఎందుకంటే అక్కడ నాకు తెలుస్తుంది ఎలా పోయానో. నాదే కాదు, ముక్కూ మొహం తెలియనివాళ్ళవి కూడా చూపిస్తుంది, మరక ముట్టుకుంటే. మా ఆయనది నాకెవరు చూపించారు? రాలేదు అన్నారు. నేనూ రాలేదు అంటున్నాను. మీరు నేర్పిన మాటే కదా.”

మైకులో ప్రార్థన చేసే ఆయన రోగుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళ కోసం అడుగుతున్నాడు దేవుణ్ణి.

మా కోడలు అరుగు చివరకి తిరిగింది. “మావయ్యా, మీరు చూశారా?”

మా ఆయన వల కుట్టే చెయ్యి ఆగింది.

“చూసుంటే నోటితో చెప్పక్కర్లేదు. చెప్పలేకపోతే వద్దు. చూపించండి.”

నేను వద్దని అందామనుకున్నాను. ఈలోగా ఆయనే లేచి వల పక్కన పెట్టి వాకిట్లోకి దిగాడు. కళ్ళాపి చల్లిన నేల మీద కాలి బొటనవేలితో పొడుగ్గా ఒక గీత గీశాడు. అది బోటు. వెనక కొసన కూర్చుని, ఇంజను మీద చెయ్యి వేసినట్టు చెయ్యి పెట్టాడు. ఆ చోటు నా కొడుకుది. మెడ పక్కకి తిప్పి కెరటాల్ని చూసే పద్ధతి కూడా వాడిదే.

తరవాత లేచి ముందు కొసకి వచ్చి వంగి నిలబడ్డాడు. అది తను. ఎడమ చెయ్యి అడ్డం పెట్టి, కెరటం అటునుంచి లేచిందని చూపించాడు. ఒళ్ళంతా పక్కకి విసిరేసినట్టు పడ్డాడు. పడి, మోకాళ్ళ మీద లేచాడు. ఎడమ చెయ్యి గుండెకి అదుముకుని దేన్నో పట్టుకుంది. కుడి చెయ్యి ముందుకి చాచాడు. వేళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. మళ్ళీ వెనక్కి వెళ్ళి వాడయ్యాడు. ఒక కాలు ఇంకో కాలికి చుట్టుకున్నట్టు పెట్టి, గడ్డం పైకెత్తి, ఒకసారి తండ్రి వైపు చూసి, నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. కదల్లేదు.

“కాలికి ఏంటి మావయ్యా?” అని అడిగింది కోడలు.

“వల,” అన్నాడు పడుకునే.

“మీ ఎడం చేతిలో?”

“డీజిల్ డబ్బా. ఖాళీది. తేలుతుంది.”

మా కోడలు ఆయన ఎడమ చేతినే చూస్తోంది.

“ఇంకోసారి చూపించండి.”

“చాలమ్మా, ముసలాయన్ని ఏం చేస్తున్నావు నువ్వు?” అన్నాడు మా వియ్యంకుడు ఏడుస్తూ.

“నాన్నా, నువ్వుండు.”

మా కోడలు అరుగు దిగింది. గీత వెనక కొసన, నా కొడుకు చోట కూర్చుంది. మా ఆయన ఒక్క క్షణం కోడల్ని చూసి ముందు కొసకి వెళ్ళాడు. ఈసారి తన వంతు తనే చేశాడు. కెరటం లేచింది. ఇద్దరూ పడ్డారు. ఆయన మోకాళ్ళ మీద లేచి కుడి చెయ్యి చాచాడు. అది కూడా చాచింది. ఇద్దరి వేళ్ళ మధ్య జానెడు ఎడం ఉంది. ఆయన ఎడమ చెయ్యి వదిలితే అందుతుంది. వదల్లేదు. అప్పుడు వదల్లేదు కాబట్టి ఇప్పుడూ వదల్లేదు. అబద్ధం చూపించలేదు మా ఆయన.

మా కోడలు కాళ్ళు మెలివేసుకుని, ఆయన వైపు చూసి, వెల్లకిలా పడుకుంది. జుట్టు నిండా కళ్ళాపి మట్టి. ఆకాశం వైపు చూస్తూ పడుకునే అంది.

“చచ్చిపోయాడు.”

గట్టిగా కూడా అనలేదు. అందరికీ వినబడింది.

మా బావగారు కండువాతో మొహం కప్పుకున్నారు. కాసేపటికి, “మాట పడింది. కర్మ ఎప్పుడో పంతులుగారిని అడుగుతాను” అన్నారు. మా కోడలు లేచి కూర్చుని, “గాజులు నేనే తీసుకుంటాను. ఇంకొకళ్ళ చెయ్యి పడొద్దు” అంది. సరేనన్నారు.

దర్భ బొమ్మ చేశారు. కాల్చారు. పెద్దకర్మ అయిన మర్నాడు మా వియ్యంకుడు ఆటో తెచ్చాడు. కోడలు బట్టలతో పాటు ఆ ఆట డబ్బా కూడా చీరలో చుట్టి తీసుకెళ్ళింది. నేను వద్దనలేదు. ఆ మాట దాని నోట వచ్చిన రోజునే అది ఈ ఇంటి మనిషి కాకుండా పోయిందని నాకు తెలుసు. ఇప్పుడు ఫోనులో ఆదివారాలు మాట్లాడుతుంది. అక్కడా ఆడుతోందట. మంచు కొండ మీద ఒక రాక్షసి దగ్గర ఆగిపోయిందట. చస్తున్నానత్తా, చస్తున్నాను అంటుంది.

మా ఆయన్ని ఆ ఎడమ చెయ్యి సంగతి నేను అడగలేదు. అడగను. అన్నం పెడుతున్నాను, తింటున్నాడు. ఒక్కోసారి ఆ చెయ్యి వైపు చూడకుండా కంచం పెట్టడం నాకు చాతకాదు.

మా వాళ్ళలో భార్య ఆ మాట అన్నప్పుడు, విన్నవాళ్ళెవరో తరవాత చెప్పుకోవాలి. లేకపోతే అన్నట్టు కాదు. ఇంతకుముందు నోటితో చెప్పేవాళ్ళం. నాకు రాయడం వచ్చు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు మా వాకిట్లో ఉన్నవాళ్ళం: మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు. మా కోడల్ని కన్న తండ్రి. పొలుసు చేతుల్తో వచ్చిన పక్కింటావిడ. మా కోడలు. నేను, చచ్చిపోయినవాడి తల్లిని. బోటు మీంచి తిరిగొచ్చిన మా ఆయన. ఇంకెవరూ లేరు.